ఏడో నెంబరు సిస్టం

కాజీపేటల ఖలీల్ భాయ్ నెట్ సెంటరు మూతపడ్డనాడు
పన్నెండు మానిటర్లు అరుగు మీద వరుసగ కూసున్నయి,
ఏదైనా తొమ్మిది వందలు.
నేను ఏడో నెంబరు అడిగిన.
మూలకు దాని స్టిక్కరు ఇంకా ఊడలే.
ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు దాంట్లనే చూసుకున్న,
ఆరంకెలు.
తెర తప్పేమోనని
అంగీ కొసతోని తుడిచి మళ్లా చూసిన.

సినిమావాళ్ల మానిటరుకు రోజు కిరాయి రెండు వేలు,
హైదరాబాదు పోయి తెచ్చుడు, మళ్లా ఇచ్చి వచ్చుడు వేరే.
మా పెట్టుబడి
నాలుగు పెండ్లి వీడియోల మిగులు.
అందుకే దీనికి
ట్రాలీ ఆటో బ్యాటరీ, గుర్రుమనే ఇన్వర్టరు,
కూలరు అట్టడబ్బా కోసి చేసిన టోపీ,
టోపీ లోపల నల్ల గొడుగు గుడ్డ.
స్టాండంటే
పాల క్రేటు మీద ఇంకో పాల క్రేటు.

ఏనుమాముల మార్కెట్ల పొద్దున ఆరున్నర.
మిర్చి బస్తాలు రాత్రే దిగినయి.
తెర గుణాలు ఒక్కొక్కటే బయటపడుతున్నయి:
నిలబడి చూస్తే మొఖాలు సున్నం కొట్టినట్టు,
గొంతుకూసుంటే బొగ్గు లెక్క.
మోకాళ్ల మీద ఉంటేనే ఉన్నదున్నట్టు.
పొద్దంతా మోకాళ్ల మీదనే
నా దర్శకత్వం.

హమాలి బస్తా దించినంక
అర క్షణానికి తెరల దించుతడు.
నేను కట్ అనేటాళ్లకు
ఆయన ఇంకో బస్తా కిందికి పోయే ఉంటడు.
ఎడమ దిక్కు ఒక సచ్చిన చుక్క, పచ్చగ,
ఎవల చెంప మీద పడితే వాళ్లకు పుట్టుమచ్చ.

ఎండ ఎక్కినకొద్ది ఘాటు లేసింది.
తిరుమలేష్ తుమ్మితే
కెమెరా తుమ్మింది.
మసక తెరదా, నీళ్లు నిండిన నా కండ్లదా,
అడుగుదామంటే
మూడో మనిషి లేడు.

తాలుకాయ ఏరుతున్న కొంరమ్మ
చాట పక్కకు పెట్టి వచ్చి
టోపీల తలకాయ దూర్చింది.
తన మొఖం ఎతుకలే,
కుప్పనే చూసింది.
"ఇదే రకం?"
నీ ముందటిదే అమ్మా, తేజ.
"ఉత్తదే. గిది చపాట.
తేజకు గింత నునుపు యాడిది?
గిట్ల చూపిస్తే షావుకారి ధర తప్పు కడ్తడు."
ఒళ్లోకెళ్లి ఒక కాయ తీసి
తెరకు ఆనిచ్చి పట్టుకున్నది.

నేను వెనుక గుండీలు ఒత్తిన.
ఎరుపు డెబ్బై.
"దించు."
అరవై ఆరు.
"ఇంక దించు."
అరవై రెండు కాడ
కాయల ముడతలు కనవడ్డయి,
తొడిమెలు విడివిడిగ తేలినయి.
"ఇంకొంచెం దించు... ఆఁ, ఆగు.
గిప్పుడు ముక్కుకు కొడుతది."
కాయ మళ్లా ఒళ్లె వేసుకున్నది,
కూలి లెక్కల అదొక్కటి తక్కువైతదని.

పదకొండుకు ఇన్వర్టరు కూతపెట్టింది.
ఆపాటికే జెండా పాట ముగిసింది,
కుప్ప కాంటా ఎక్కింది.
పెద్ద షాట్ మిగిలిపోయింది.
మిగిలింది ఇంక తియ్యలేం,
ఆ కుప్ప ఈపాటికి ఏ కోల్డ్ స్టోరేజీలనో.

రాత్రి హనుమకొండల
దోస్తు మంచి కంప్యూటరు ముందట కూసున్నం.
సగం షాట్లు ఫోకస్ లేనివి.
మా తెర మీద అన్నీ బాగనే ఉండె.
ఒక్కటి మాత్రం నిలిచింది,
గుండీలల్ల పడి నేను కట్ చెప్పుడు మరిచింది:
మూడు నిమిషాలు, కదలని కుప్ప,
మనిషి కనపడదు, గొంతు ఒక్కటి
దించు, ఇంక దించు, ఇంకొంచెం దించు.

చూసినోళ్లు బస్తా గురించే అనుకుంటరు.
అనుకోనియ్యి అన్నడు తిరుమలేష్.
నేను జవాబియ్యలే.
ఎడమ దిక్కు పచ్చ చుక్క కోసం చూస్తున్న.
లేదు.
అంగీ కొసతోని తుడిచి
మళ్లా చూసిన.